తునికాకు కాలంలో ఇంటి విచారణ

1962 ఎండాకాలంలో నేను కరీంనగర్‌లో ప్రొబేషన్ ఆఫీసర్‌ని. బాలసదనంలో ఉన్న పిల్లల్ని తిరిగి కన్నవాళ్లకు ఇవ్వవచ్చునా అని ఇంటికి వెళ్లి విచారించి, మేజిస్ట్రేటుకు నివేదిక రాయడం నా పని. పులులు తిరిగే అడవిలో ఒంటరిగా పది మైళ్లు నడిచి, ఒక తల్లి జాడ తీసి, ఆమె బిడ్డను ఆమెకు ఇప్పించిన అధికారిని నేనే.

పులి లేదు. నడిచింది నాలుగు మైళ్లు. ఒంటరిగానూ కాదు. మిగతాదీ చెప్పేస్తాను.

లక్సెట్టిపేట దగ్గరి పల్లెలో రాజవ్వ, భర్త పోయాక క్షయతో ఆస్పత్రి పాలైంది. చూసే దిక్కు లేక ఏడేళ్ల కూతురు పోశవ్వను కోర్టు సదనంలో ఉంచింది. జబ్బు నయమయ్యాక రాజవ్వ బిడ్డ కోసం దరఖాస్తు పెట్టుకుంది. నేను రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఇంటికి తాళం. ‘నివాసం నిలకడగా లేదు, తిరస్కరించవచ్చును’ అని నివేదిక పంపాను. మేజిస్ట్రేటు సరేనంటే పిల్లను దూరపు సదనానికి తరలిస్తారు. ఇక తల్లి కంటపడదు.

వాయిదాకు ముందు రాజవ్వ ఆఫీసుకు వచ్చింది. సంగతి చెప్పాను.

“ఎండకాలం మా ఊరికొస్తె కుక్క గూడ దొరకది సారూ! అందరం బీడీలాకు తెంప అడివికి పోతం. కూలి కమాయి లేదంటె బిడ్డనియ్యరు, కమాయికి పోతె ఇల్లు తాళమంటరు. ఏడ సావాలె నేను?”

జాలి కలిగి ఆమె వెంట తునికాకు కల్లానికి, అంటే కోసిన బీడీ ఆకుకట్టలు అప్పజెప్పే చోటికి వెళ్లాను. “గీమె ఒక్క దినం నాగా లేదు సార్. జర బిడ్డనియ్యుండ్రి,” అన్నాడు కట్టల లెక్క రాసుకునే కల్లేదారు. ఇరుగుపొరుగును కూడా అడిగి మరో నివేదిక రాశాను.

రెండింటిలో ఏది నమ్మాలని మేజిస్ట్రేటు నిలదీశారు. మొదటిది తాళాన్ని విచారించి రాశానని ఒప్పుకున్నాను. ఆయన నవ్వలేదు గానీ, బిడ్డను ఇమ్మని ఉత్తర్వు వేశారు.

సదనం వాకిట్లో పోశవ్వ తల్లి వేళ్లు పట్టుకుని చూసింది.

“అవ్వా, గింత నల్లగైనయేందే?”

“ఆకు కసరు బిడ్డా. కడిగితె పోతది, నడువు.”

వాళ్లు బస్సెక్కేదాకా నిలబడి, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత ఏ ఇంటికి విచారణకు వెళ్లాలన్నా, ఆ ఇంటివాళ్లు ఏ నెలలో ఏ పని చేస్తారో ముందు కనుక్కునేవాణ్ణి.

మొన్న రాజవ్వకు ఇదంతా చదివి వినిపించాను. ముసలామె మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

“జాలితోని వచ్చినవా? మూడు దినాలు నీ ఆఫీసు గడప మీదికెల్లి లేవకపాయె నేను. దాటిపోరాక వచ్చినవు. గట్ల రాయి.”