నాలుక వెనక దాక్కున్న థైరాయిడ్

కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే నాకు నాలుక వెనక ఎర్రటి గడ్డ కనిపించింది. "దొంగసాటుగా పిక్కలు కొరికేత్తన్నావు, తొక్కలో జీడిసొన తగిలి పొక్కింది" అని తోటివాళ్లు నవ్వారు.

మా అత్త అదే నమ్మి నన్ను నాటువైద్యుడి దగ్గరకు లాక్కెళ్లింది. అతను వాత పెట్టడానికి కడ్డీ కాల్చాడు.

"నోరు తెరువే!" అంది అత్త.

"ఇన్నాళ్లూ నోరు ముయ్యమని, ఇప్పుడు తెరవమంతన్నావేటత్తా?" అని లేచి టెక్కలి ఆసుపత్రికి బస్సెక్కేశాను.

స్కాన్ చూసి డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. మెడలోకి దిగాల్సిన థైరాయిడ్ గ్రంథి పుట్టుకతోనే నాలుక వెనక ఆగిపోయిందట. నాకున్నదల్లా అదే. అది సరిగ్గా పనిచేయకే నాకు ఎప్పుడూ ఉండే నీరసం. కాల్చేసి ఉంటే అదీ పోయేది!

ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుని పనికెళ్తున్నాను. ఆ వైద్యుడు ఎదురైతే నాలుక బయటపెట్టి చూపిస్తాను. నా ఒంటి సంగతి నన్నడక్కుండా కడ్డీ ఎవరు కాల్చినా అంతే.