కాళ్ళున్న అక్షరాలు రాసిన కాక

మా బోర్డుల కాక పోయాడు. గోదావరిఖనిలో ఆదివారం ఇంటి ప్రార్థన నడుస్తుండగా కబురొచ్చింది. వాక్యం చెబుతున్నవాణ్ణి మధ్యలోనే ఆగిపోయాను. ఏడుపు ఆ రోజే వచ్చింది ప్రియులారా. కోపం మర్నాడు సమాధి దగ్గర వచ్చింది. ఇంకా చల్లారలేదు.

కాక బొగ్గుబావుల దగ్గర హెచ్చరిక బోర్డులు రాసేవాడు. మా సంఘంలో ఎవరు పోయినా సిలువ మీద పేరు రాసేదీ ఆయనే. ఇంగ్లీషు బోర్డుల మీద ఒక రకం అక్షరాలు మీరూ చూసే ఉంటారు. గీతంతా ఒకే మందం, వృత్తలేఖినితో గీసినంత గుండ్రం, కొసలకు చెక్కముక్కల్లాంటి చదరపు పాదాలు. ఆ పాదాలనే మా కాక తెలుగు అక్షరాలకూ తొడిగాడు.

"తెలుగుకు కాళ్ళేంది కాకా, నవ్వుతరు" అన్నానొకసారి.

"నవ్వనియ్యి. గుండ్రంగున్నది దొర్లిపోతది. కింద చెక్క పెడితె నిలవడ్తది. బొగ్గు దుమ్ము ముందుగాల సన్నగీతనే తింటది బిడ్డా. డ్యూటీకి ఉరికేటోనికి గూడ కనవడాలె."

పరుగెత్తేవాడు సైతం చదివేలా పలక మీద స్పష్టంగా రాయమని దేవుడు ప్రవక్తకు ఆజ్ఞాపించాడు. ఆ మాట మీద నేను గొంతు చించుకుని ప్రసంగాలు చేశాను. కాక ఒక్క ప్రసంగమూ చేయలేదు, రాస్తూ పోయాడు.

అలాంటి మనిషి సిలువకు మా సంఘపెద్ద ఏం చేశాడు? స్టిక్కరు అంటించాడు! బంగారు రంగులో తీగల్లాంటి సన్నని అక్షరాలు, చుట్టూ గులాబీలు.

చిన్నమ్మ, అంటే కాక భార్య, వంగి చూసింది. బడి మొహం ఎరగని ఆమె చదువు నేర్చిందే ఇంటిముందు ఆరబెట్టిన కాక బోర్డుల మీద.

"కొడుకా, ఇందుల మీ కాక పేరు యాడున్నది?"

"గదే చిన్నమ్మా, నడుమ. కంప్యూటర్ డిజైన్, మస్తుగున్నది" అన్నాడు సంఘపెద్ద.

"పూలే కనవడ్తున్నయి నాయినా."

నా రక్తం ఉడికిపోయింది. "మీ నాయిన సిలువ మీద పేరు ఎవరు రాసిన్రే? ఇయ్యాల్టికీ రోడ్డు మీదికెల్లి కనవడ్తది. గా రాసినోని పేరు పెండ్లిపత్రిక చేస్తవా?"

"గట్ల రాసేటోళ్ళు ఇప్పుడు యాడున్నరన్నా?"

"నేను రాస్త!"

కంప్యూటర్‌లోనూ ఆ రకం అక్షరాలున్నాయట, స్లాబ్ సెరిఫ్ అంటారట. స్టిక్కరు చేయించేటప్పుడు అవి కావాలని అడిగిందెవరు? పెళ్ళికార్డుకు సన్నతీగలు పెట్టుకోండి, కాదనను. బావి దగ్గరి హెచ్చరికకు, చనిపోయినవాడి పేరుకు పాదాలున్న అక్షరమే పెట్టండి. ఎదుటివాడికి అందాలనే కదా రాసేది!

స్టిక్కరు పీకేశాను. కాక ఇంటి నుంచి కుంచె, తెల్లరంగు తెప్పించాను. బైబిలు పట్టే చేతికి కుంచె లొంగలేదు, గుండ్రాలు సొట్టలు పోయాయి. పాదాలు మాత్రం మందంగా, చదరంగా దిగ్గొట్టాను.

"అంగన్‌వాడి పోరలు రాసినట్టున్నదన్నా" అని సంఘపెద్ద కిసుక్కుమన్నాడు.

చిన్నమ్మ అతనివైపు చూడలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కనాడూ పెనిమిటి పేరు నోటితో పలకని మనిషి, అందరి ముందూ అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఆ పేరు పైకి చదివింది. చదివేసి, చటుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొత్త పెళ్ళికూతురిలా తల దించుకుని నిలబడిపోయింది.