ఇప్పపూలు రాలే కాలంల అడవి తొవ్వ

నా తొలి కాన్పు బిడ్డ వారం దినాలు కూడ బతకలేదు. ఆ తర్వాత నేను మనుషులతోని మాట్లాడుడు దాదాపు బందువెట్టిన. నా పెనిమిటి బోధన్ దిక్కు చెరకు తోటల మీద పనికి పోయి ఎప్పుడో ఒకసారి వచ్చేటోడు. నిజామాబాదుల ఇంట్ల మిగిలింది నేను, మా అత్త. ఆమె తక్కువ మాటల మనిషి. ఓదార్చుడు ఆమెకు చేతగాదని అనుకునేదాన్ని.

ఎండలు ముదురుతున్న దినాలల్ల ఒక పొద్దున, "మా తల్లిగారింటికి పోదాం, బట్టలు సదురుకో" అన్నది. నేను సదురుకున్న.

ఇందల్వాయిల రైలు దిగినం. ఆమె పుట్టిన ఊరికి బండిబాట చుట్టు తిరిగి పోతది. కాలితొవ్వ మాత్రం సర్కారు బందువెట్టిన అడవిల నుంచి. అండ్ల చెట్టు కొట్టరాదు, పసులను మేపరాదు. అడవి మొదట్ల కాపలా జవాను మమ్మల్ని ఆపిండు.

"కొడవలి గిట్ల ఏమన్న ఉన్నదా అవ్వా?"

"మూటల రొట్టెలున్నయ్. సూస్తవా?"

ఆయన నవ్విండు. "తొవ్వ ఇడిసి పోకుండ్రి. ఇప్పపూలు రాలుతున్నయ్, వాటి కోసం ఎలుగుబంట్లు తిరుగుతున్నయ్."

టేకుచెట్లు ఆకు రాల్చి బోడిగ నిలవడ్డయి. ఎండుటాకుల మీద మా అడుగుల చప్పుడు మాకే పెద్దగ వినవడ్డది. నడుమ నడుమ మోదుగులు ఎర్రగ పూసి ఉన్నయి. అత్త ముందు నడుస్తున్నది. "ఈ అడవిని బందువెట్టిననాటి సంది మా బాపు సర్కారును తిట్టని దినం లేదు" అన్నది ఎనుకకు చూడకుంటనే. "కట్టెపుల్లకు సుత ఈడికే వస్తుంటిమి. ఇప్పుడు బయట గుట్టలు సూడు, గుండు కొట్టినట్టున్నయ్. ఎవరిది తప్పో నాకైతే తెలుస్తలేదు."

ఎండిన వాగు పక్కన ఒక బండ నీడకు కూసున్నం. మూట విప్పుతుంటే అత్త నా మణికట్టు గట్టిగ పట్టుకున్నది. వాగు అవుతలి ఒడ్డున, ఇప్పచెట్టు కింద ఎలుగుబంటి. దాని వీపు మీద రెండు పిల్లలు బొచ్చు పట్టుకొని ఉన్నయి.

అది మమ్మల్ని చూడలేదు. మూతి నేలకానించి బుసబుసమంట పూలు తింటున్నది. ఒక పిల్ల జారి కిందవడి కీచుమన్నది. తల్లి తిరిగి చూడలేదు గని, కదలకుండ నిలవడ్డది. పిల్ల కాళ్లు కొట్టుకుంట మళ్ల పైకెక్కినంక అడుగు ముందుకేసింది. గట్లనే పొదలల్ల కలిసిపోయింది.

అత్త చెయ్యి ఇడిసింది. నా గాజులు చర్మంల దిగి అచ్చులు వడ్డయి.

"నాకూ ఒకడు పోయిండు" అన్నది అత్త. "నీ పెనిమిటి పుట్టకముందు. తల్లిగారింటికని ఇదే తొవ్వల పోయిన. ఈడ ఎవ్వరు వినరని గట్టిగ ఏడ్సిన. ఇంట్లయితే ఏడ్వనిస్తరా?"

అప్పుడు సమజైంది నాకు, ఆమె నన్ను బండిల ఎందుకు తీస్కపోలేదో. నాకు దుఃఖం ఆగలేదు. బొబ్బవెట్టి ఏడ్చిన. ఊకో అని ఆమె అనలేదు. నా పక్కనే కూసొని వాగు దిక్కు చూసుకుంట ఉన్నది.

నేను కండ్లు తుడుసుకున్నంక అడిగింది: "పేరేమన్న అనుకున్నవా?"

"అనుకున్న. ఎవ్వరికీ చెప్పలే."

"నాకు చెప్పు."

చెప్పిన. ఆమె ఆ పేరును మెల్లగ, తప్పు పోకుండ పలికింది. నా నోట్ల తప్ప ఇంకొకరి నోట్ల ఆ పేరు విన్నది అదొక్కసారే.

రొట్టెలు తిని లేసినం. పొద్దు వాలేటాళ్లకు పసుపు తవ్విన చేన్లు కనవడ్డయి. ఇంటి ముందు అత్త తమ్ముడు ఎదురుచూస్తున్నడు.

"గింత ఆలస్యమైందేంది అక్కా?"

"ఇద్దరం మాట్లాడుకుంట వచ్చినం" అని అత్త, కాళ్లు కడుక్కోను నీళ్లు ముందుగాల నాకిచ్చింది.