తడి పడుగు మీద రాజులు

నా చిన్నప్పుడు నాకు ఎవరి మీదైనా నిజంగా కసి ఉందంటే అది మా సోషల్ సారు మీదే. ఏడో తరగతిలో కాకతీయ రాజుల పేర్లు వరుస తప్పి చెప్పానని అరచేతులు కందిపోయేలా బెత్తంతో కొట్టాడు. ఇంటికి వెళ్లి ఆ చేతులతోనే నూలు కండెలు చుట్టాను. మాది కాశిబుగ్గలో మగ్గం ఉన్న ఇల్లు. ఆడపిల్లకు చదువెందుకని మా నాయిన ఎప్పుడూ రుసరుసలాడేవాడు. ఎప్పుడు మాన్పించి పనిలో పెడదామా అని సాకు కోసం చూస్తుండేవాడు.

బడిలో చరిత్ర చెప్పడానికి ఉన్నది రాజుల కాలాలు వరుసగా చూపే ఒకే ఒక్క పటం. పిల్లలు చింపుతారని హెడ్మాస్టరు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. సారు రెండుసార్లు అడిగి, రెండుసార్లూ చీవాట్లు తిన్నాడు. ఒక పొద్దున మా తరగతినంతా వెంటబెట్టుకుని మా వాడకే వచ్చాడు. వీధి పొడవునా గుంజల మీద నాయిన పడుగు సాచి ఉంది, మగ్గం ఎక్కాల్సిన నిలువు పోగులన్నీ. అప్పుడే గంజి పట్టించి నాయిన చాయ్ తాగడానికి లోపలికి వెళ్లాడు.

"గుంజకు గుంజకు నడుమ నూరేండ్లు అనుకోండ్రి. ఎవలి రాజును వాళ్లు జాగ చూసి పెట్టుండ్రి," అని సారు రాజుల పేర్లు రాసిన కాగితాలు పంచాడు. ఆయనది డోర్నకల్, రైల్వే వాళ్ల ఇల్లు. తడి పడుగు సంగతి ఆయనకేం తెలుసు? నాకు తెలుసు. కాగితం అతుక్కుంటుందనీ, లాగితే పోగు తెగుతుందనీ తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను. తిననీ తిట్లు అనుకున్నాను. పైగా అందరికంటే ముందు నా కాగితమే అతికించాను. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

నాయిన బయటికొచ్చి చూశాడు. "సారూ, నీకు కండ్లు పోయినయా? వారం రోజుల రెక్కల కష్టం గిది! నీ రాజులను తీస్కపోయి మోరీల పారెయ్!" అని అరిచి, నా వైపు తిరిగి, "నీ బడి ఇయ్యాల్టితోని బంద్," అన్నాడు. నేను తవ్విన గోతిలో నేనే పడ్డాను.

సారు పిల్లల్ని పంపేసి, చెంబుతో నీళ్లు అడిగి, వేళ్లు తడుపుకుంటూ ఒక్కొక్క కాగితమే ఊడదీయసాగాడు. పొద్దు నెత్తి మీదికొచ్చింది. తెగిన పోగు దగ్గరల్లా నాయిన ముడేస్తూ తిడుతూనే ఉన్నాడు. చివరికి ఒక కాగితం సారు చేతిలోంచి గుంజుకున్నాడు. నాయినకు చదవడం రాదు.

"ఎవలు గీయిన?"

సారు రాజు పేరు చెప్పాడు.

"గీయిన కట్టుకున్న బట్ట ఎవలు నేసిండ్రు? గది ఉన్నదా నీ బుక్కుల?"

సారు తల వంచుకున్నాడు. "లేదన్నా. రాయలే," అన్నాడు.

నాయిన మెత్తబడలేదు, ఇంకా మండిపడ్డాడు. "రాయకపోవుడేంది? బట్టల్లేకుంటనే ఏలిండ్రా రాజ్యం? దీన్ని రేపు బడికి తోలుత. గా నేసినోని పేరు దేవులాడి నాకు చెప్పాలె. గప్పటిదాక సదువు బంద్ లేదు."

అలా నాయిన కోపమే నన్ను చదివించింది. చరిత్ర టీచరునై, రిటైర్ కూడా అయ్యాను. ఆ బెత్తం దెబ్బలకు సారును ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఓ నేతపని మనిషి ముందు తలవంచి "రాయలే" అన్నందుకు గౌరవిస్తాను. క్లాసులో జవాబు తెలియనప్పుడల్లా నేనూ ఆ మాటే చెప్పాను.

నాయిన పోయి చాలా ఏళ్లయింది. ఏ చరిత్ర పుస్తకం చేతికొచ్చినా ఇప్పటికీ ముందు ఆ పేరు కోసమే వెతుకుతాను. దొరకదు. అచ్చం నాయిన గొంతుతోనే ఓ తిట్టు తిట్టి, ఇంకో పుస్తకం తెరుస్తాను.