మేనత్త కారు ఎందుకు ఆగింది

మా మేనత్త పోయిందని పోయిన సోమవారం కొవ్వూరు నుంచి ఫోనొచ్చింది. బ్రిడ్జి దాటి వెళ్లేసరికి వాకిలి నిండా జనం. పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుని, "నిన్న సాయంత్రం కూడా పాలల్లో నీళ్లు కలిపావని పాలబ్బాయితో దెబ్బలాడిందమ్మా" అంది. ఏడుస్తూనే నవ్వొచ్చింది.

ఆవిడ ఎవర్నీ ఓ పట్టాన నమ్మేది కాదు. కూరల తూకం, టీవీలో చెప్పే వాన, డాక్టరుగారి చిరునవ్వు, అన్నీ అనుమానమే. "ముందు చూడనీ, తర్వాత నమ్ముతాను" అనేది. మావయ్య పోయాక ఆయన పాత కారు తనే నడుపుకునేది.

ఓ ఏడాది ఆ కారు నడిరోడ్డు మీద ఠక్కున ఆగిపోవడం మొదలుపెట్టింది. తాళం తీసి మళ్లీ పెడితే స్టార్టయ్యేది. మెకానిక్ కాయిల్ మార్చాడు, బ్యాటరీ మార్చాడు. ఆగడం మానలేదు. చివరికి అత్త అనుమానం సొంత తమ్ముడి మీదకి, అంటే మా నాన్న మీదకి తిరిగింది. "ఈ వయసులో డ్రైవింగేంటక్కా, అమ్మేద్దాం" అని నాన్న తునిలో ఒకాయనతో మాట్లాడి, బండి కాగితాలు ఎక్కడున్నాయని అడిగాడు మరి.

"వాడొచ్చిన రోజే ఆగుతోందే. వైరేదో పీకుతున్నాడు."

"నాన్నకి బానెట్ తియ్యడమే రాదత్తా."

"రాదని వాడన్నాడు. నువ్వు చూశావా?"

ఈసారి నాన్న వచ్చినప్పుడు నన్నూ రమ్మంది. తాళం పెట్టే స్విచ్ వెనక నుంచి ఒక వైరు లాగి, చిన్న బల్బు కట్టి నా చేతికిచ్చింది. స్విచ్ దాటి కరెంటు వస్తున్నంతసేపూ అది వెలుగుతుంది. నన్ను తన పక్కన, చెయ్యి అందకుండా నాన్నని వెనక సీట్లో కూర్చోబెట్టింది.

ఏటిగట్టు మీద ఒక గతుకు దగ్గర ఇంజనూ ఆగింది, బల్బూ ఆరింది.

"ఒరేయ్, ఏం చేశావురా?"

"నేను వెనకాల ఉన్నానక్కా!"

కారు తాళానికి పెద్ద తాళంచెవుల గుత్తి వేలాడుతోంది. దాన్ని చేత్తో పైకెత్తాను. బల్బు వెలిగింది. వదిలాను, ఆరింది. స్విచ్ లోపల అరిగిపోయింది. గతుకొచ్చినప్పుడు ఈ బరువు దాన్ని పక్కకి లాగేసి కరెంటు తెంపేస్తోంది.

"రోజూ ఇన్ని తాళాలు తగిలిస్తావా అత్తా?"

ఆవిడ ఆ గుత్తి వంక చూసింది. "లేదే. వీడొచ్చినప్పుడే" అంది చిన్నగా. "బీరువాలూ పెట్టెలూ అన్నీ తాళాలేసి, చెవులు దీనికే తగిలించి తెస్తాను."

నాన్న మొహం వాడిపోయింది. "నా కోసమా అక్కా?"

అత్త ఆ గుత్తి విప్పి ఆయన చేతిలో పెట్టింది. "తప్పు నాదేరా. కాగితాలు బీరువాలో ఉన్నాయి. నీ ఇష్టం."

నాన్న మళ్లీ ఎప్పుడూ అమ్మకం మాట ఎత్తలేదు. అనుమానించడం అందరికీ వచ్చు. పరీక్ష పెట్టి, తప్పు తనదేనని తేలితే అక్కడికక్కడే ఒప్పుకోవడం నేను ఆవిడ దగ్గరే చూశాను.

తిరిగొచ్చేటప్పుడు నాన్నని పిలిచి ముందు సీట్లో కూర్చోబెట్టుకుంది. ఏటి గాలికి ఆయన నిద్రలోకి జారాడు. మా ముందు కొబ్బరికాయల ఎడ్లబండి ఒకటి పోతోంది. తమ్ముడు లేస్తాడని హారన్ కొట్టకుండా, అత్త ఆ బండి వెనకే, ఎద్దుల నడకన, ఊళ్లోదాకా వచ్చింది.