క్లౌడులో ముందు ఎవరు రాయాలి

మార్కాపురం చుట్టుపక్కల పంతుళ్లందరికీ క్లౌడంటే ఏమిటో నేర్పింది నేనే. ఈ మాట గిద్దలూరు రైల్లో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ పంతుళ్ల సంఖ్య పెరుగుతోంది. మొన్న దర్శి దాకా పాకింది. నిజానికి నేను నేర్పింది ఒక్క బడి స్టాఫ్‌రూముకు. నేను సోషల్ చెప్పి రిటైరైన బడే అది. అప్పటికి నాకా విద్య వచ్చి నెల కూడా కాలేదు. కోడలు తాలింపు పెడుతూ చెప్పింది, నేను సగమే విన్నాను.

పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో పలకతోనే చెప్పాలి కదా. మన పలక ఎక్కడో ఒక గోడకు తగిలించి ఉందనుకోండి, ఎవరింట్లో వాళ్లు కూర్చుని దాని మీద రాయొచ్చు, ఒకరు రాసింది అందరికీ కనబడుతుంది, చేతిలో ఫోను బావిలో పడినా పలక పగలదు అన్నాను. అందరూ తలలూపారు. మొదటి గంటలోనే హిందీ సారు పాఠం అనుకుని తన బీపీ రిపోర్టును అందరికీ షేర్ చేశాడు. అందరూ తెరిచి చదివి, ఉప్పు తగ్గించమని ఎవరికి తోచిన సలహా వాళ్లిచ్చారు. షేరింగ్ వచ్చేసిందని ప్రకటించాను.

హెడ్మిస్ట్రెస్‌కు ఉత్సాహం వచ్చింది. పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు చదువుకోవడానికి అన్ని సబ్జెక్టుల ముఖ్యాంశాలూ ఒకే డాక్యుమెంటులో ఉండాలంది. శనివారం బడి వదిలాక ఎవరిళ్ల నుంచి వాళ్లు రాయాలి, సాయంత్రానికి పూర్తికాకపోతే ఆదివారం అందరూ బడికొచ్చి కాగితాల మీద రాయాలి. ఆ మాటకు సైన్సు టీచరు మొహం వాడిపోయింది. స్టాఫులో అందరికన్నా చిన్నది, కంభం నుంచి రోజూ వచ్చిపోయే అమ్మాయి. ఆ ఆదివారమే వాళ్ల చెల్లెలి నిశ్చితార్థం.

శనివారం మధ్యాహ్నం నేను భోంచేసి నడుం వాల్చానో లేదో ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, అందరం డాక్యుమెంటులోనే ఉన్నాం. ఒక్కరూ ఒక్క అక్షరం రాయలే."

"నెట్టు లేదా?"

"నెట్టుకేం, బ్రహ్మాండంగా ఉంది. లెక్కల సారు పేరు పైన్నే మిణుకుమిణుకుమంటా ఉంది. ఆయన రాయకముందు మేమెట్ల రాసేది?"

"నువ్వు కిందికి పోయి రాసుకో తల్లీ."

"కింద హిందీ సారు ఉన్నాడు."

నాకూ షేర్ చేసిన ఆ డాక్యుమెంటు తెరిచి చూద్దును గదా, నిజమే. రంగురంగుల గీతలు, గీతకొక పేరు, తెల్లటి పేజీ. స్టాఫులో అందరికన్నా పెద్దాయన లెక్కల సారు, ఆయన కూర్చోనిదే మన స్టాఫ్‌రూములో ఎవరూ కుర్చీ లాక్కోరు. సంతకాల దగ్గరా అంతే, పై గీత పెద్దలకు వదులుతారు. క్లౌడులోకి చెప్పులు విడిచి వచ్చారు గానీ ఈ మర్యాదను వెంట తెచ్చుకున్నారు. లెక్కల సారేమో చిన్నవాళ్లు రాశాక చివర్లో ఎర్రగీతలు కొట్టే అలవాటున్నవాడు. ఆయన వాళ్ల కోసం, వాళ్లు ఆయన కోసం కాచుకుని కూర్చున్నారు.

"రేపు నేను మార్కాపురంలో కూర్చుంటే తాంబూలం పళ్లెం ఎవురు పట్టుకోవాల సార్? దానికి అక్కంటే నేనొక్కదాన్నే," అందా అమ్మాయి.

నేను పంతుళ్ల మధ్య ముసలివాణ్ణయినవాణ్ణి. పంతులు ఆకలికి ఓర్చుకుంటాడు, ఎండకు ఓర్చుకుంటాడు, కళ్ల ముందున్న తప్పుకు మాత్రం ఓర్చుకోలేడు. అందుకని ఎర వేశాను. పేజీ నెత్తిన, లెక్కల సారు పేరుకు ఆనుకుని, "చతుర్భుజంలోని కోణాల మొత్తం నూట ఎనభై డిగ్రీలు" అని కొట్టాను.

అంతే, నా వాక్యం నా కళ్లముందే మాయమైంది. దాని చోట సరైన వాక్యం, దాని కింద త్రిభుజం, దాని కింద వృత్తం వచ్చాయి. పెద్దాయన చెయ్యి పడింది. ఇక మిగతావాళ్లు గేటెత్తిన కంభం చెరువు నీళ్లలా పడ్డారు. హిందీ కిందకు జరిగింది, సైన్సు పరుగెత్తింది, చూస్తుండగానే పేజీలు నిండాయి.

లెక్కల సారు ఫోన్ వచ్చింది.

"ఏందన్నా, సోషలు చెప్పుకున్నోడివి, మా చతుర్భుజం జోలికెందుకొచ్చినావు? మిగతా నూట ఎనభై యాడ పారేసినావు?"

"నిన్ను లేపడానికే వేసినా తమ్ముడూ."

"అట్లనా? ఇప్పుడు చూసుకోకుండా చెప్పు, ఎంత?"

ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, ఆయన రాసిన వాక్యం ఎక్కడుందో వెతకబోయాను. నిజానికి ఎర మాట ఆయన ఫోన్ చేశాక పుట్టింది. మొదట ఎవరో ఒకరు ఏదో ఒకటి రాస్తే మిగతావాళ్లు కదులుతారని, నాకు గుర్తున్న ఒకే ఒక్క లెక్కను నిజమేననుకుని రాశాను. ఆయన ఫోనులోనే పగలబడి నవ్వాడు. ఆ నవ్వు సాయంత్రానికి స్టాఫంతా పాకింది. దానికంటే ముందే డాక్యుమెంటు పూర్తయింది.

ఆదివారం కంభంలో ఆ అమ్మాయి పట్టుచీర కట్టుకుని, పళ్లెం పట్టుకుని, పెళ్లికూతురికన్నా ఎక్కువగా మెరిసిపోతోంది. భోజనాల బంతిలో కూర్చున్న నన్ను వాళ్ల నాయనకు చూపించింది.

"నాయనా, ఈ సారు వల్లనే నాకు ఈ పొద్దు సెలవు దొరికింది."

"అట్లనా? ఏం చేసినాడమ్మా?"

"తప్పు రాసినాడు."

ఆయన నన్నొకసారి, కూతుర్నొకసారి చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, నా ఆకులో ఇంకో బొబ్బట్టు వేశాడు. నేను వద్దనలేదు. నెయ్యి కూడా పోయించుకున్నాను.