మిరపకోత రోజుల్లో వేసుకోని మాత్ర

ప్రత్తిపాడు చుట్టుపక్కల మిరప పండితే పొద్దు రెండుసార్లు పొడుస్తుంది. ఒకసారి ఆకాశంలో, మరోసారి కల్లాల్లో. ఆ ఎరుపు మధ్య నుంచి ఇరవై రెండేళ్లుగా రెబ్కా ఇంటింటికీ తిరుగుతోంది. ఆమె అక్కడొక ఊరికి ఏఎన్ఎం, అంటే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త. తల్లి మిరపకోత కూలీ. తనకి ముందు తుమ్మడం వచ్చిందని, మాటలు ఆ తర్వాతే వచ్చాయని రెబ్కా నవ్వుతూ చెప్పుకుంటుంది.

బీపీ ఉన్నవాళ్లకి మాత్రలివ్వడం, రీడింగు తీసి ఫోన్లో ఎక్కించడం ఆమె పనుల్లో ఒకటి. బీపీ అదుపులో ఉంటే పేరు పక్కన పచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క. వరసగా మూడు నెలలు ఎర్ర చుక్క పడితే మోతాదు పెంచాలి. జిల్లా అంతటికీ అదే పద్ధతి. రెబ్కాకి దాని మీద గౌరవమే. అది రాకముందు పక్షవాతంతో మంచాన పడ్డవాళ్లకి పక్కబట్టలు మార్చిన చేతులు ఆమెవి.

ఫిబ్రవరిలో మస్తాన్‌బీకి మూడో ఎర్ర చుక్క పడింది.

మస్తాన్‌బీకి యాభై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు రెబ్కా తల్లి పక్క సాలులోనే కాయలు కోసిన మనిషి. ఆమె రోజూ పొద్దున్నే వేసుకోవలసిన మాత్రల్లో ఒకటి ఒంట్లోని ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపించేది. ఊళ్లో దాన్ని నీళ్లబిళ్ల అంటారు. లెక్క ప్రకారం ఇప్పుడది రెట్టింపు కావాలి.

"పిన్నీ, మాత్రలు రోజూ వేసుకుంటున్నావా?"

"ఆఁ, వేసుకుంటన్నా."

ఎన్నేళ్లుగానో అదే ప్రశ్న, అదే జవాబు. టిక్కు పెట్టబోయిన రెబ్కా ఎందుకో ఆగి, మాత్రల డబ్బా తెమ్మంది. నెలకిచ్చిన ముప్ఫై నీళ్లబిళ్లల్లో పంతొమ్మిది అలాగే ఉన్నాయి.

"ఏ రోజు వేసుకోవు?"

మస్తాన్‌బీ పైట సర్దుకుంది. "చేలోకి పోయే రోజున."

"ఎందుకని?"

"ఎందుకంటావేంటే? మీ అమ్మ కడుపునే పుట్టావా నువ్వు? అదేసుకుంటే గంటకోసారి లేవాలి. చేలో చాటేది? మేస్త్రి గట్టుమీద గొడుగేసుకుని కాపలా కూర్చుంటాడు. ఎట్టాగో పోయాననుకో, కారం చేతుల్తో పోతే ఏమవుద్దో నీకు తెలీదూ? సాయంత్రందాకా గంతులే!"

రెబ్కా ఫక్కున నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆరిపోయింది. తల్లి గుర్తొచ్చింది. తెల్లారుజామున గొంతు కూడా తడుపుకోకుండా చేలోకి వెళ్లి, పొద్దుగూకాక చెంబు ఎత్తి గటగటా తాగే తల్లి. ఆ సంగతి ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలుసు. ఏ డాక్టరుకీ ఎవరూ చెప్పలేదు. తానూ ఇన్నేళ్లు టిక్కులు పెట్టుకుంటూనే పోయింది. ఇప్పుడు మోతాదు పెరిగి, భయపడి మస్తాన్‌బీ ఒకనాడు ఆ మాత్ర మింగి చేలోకి వెళ్తే? నీళ్లు తాగని ఒళ్లు ఆ ఎండలో ఎంతసేపు నిలబడుతుంది?

రెండు వారాలపాటు ఇంటింటా ఆ కొత్త ప్రశ్నే అడిగింది, ఏ రోజు వేసుకోవు అని. ఆ మాత్ర వాడుతూ కోతకి వెళ్లే ఆడవాళ్లు నలభై ముగ్గురు. అందులో ఇరవై తొమ్మిదిమందిదీ మస్తాన్‌బీ జవాబే. అన్నీ నోటుబుక్కులో రాసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ జయపాల్ ముందు పెట్టింది.

"గైడ్‌లైన్ ఊరికే రాలేదు రెబ్కా గారూ. వేలమందిని చూసి రాశారు," అన్నాడాయన.

"నేనూ నమ్ముతాను సార్. ఆ వేలమందిలో మిరప కోసేవాళ్లు ఎందరో మనకి తెలీదు గదా. మాత్ర పనిచెయ్యలేదని రాస్తున్నాం. అసలది కడుపులోకే పోలేదు. పోని మాత్రని రెట్టింపు చేస్తే ఏమొస్తుందండీ?"

"అయితే నన్నేం చెయ్యమంటారు?"

"దాని బదులు వేరేది ఇవ్వొచ్చని అదే గైడ్‌లైన్‌లో ఉంది, మూడో పేజీలో."

జయపాల్ పేజీ తిప్పాడు. నోటుబుక్కు మళ్లీ చూశాడు. "ఈ కారం చేతుల సంగతి నాకెవరూ చెప్పలేదండి."

"మీకెవరు చెప్తారు సార్?"

ఆయన ఒక్కొక్కరినీ పిలిపించి, రక్తపరీక్షలు చేయించి చూశాడు. మస్తాన్‌బీకి నీళ్లబిళ్ల తీసేసి వేరే మాత్ర రాశాడు. కాళ్లవాపున్న కోటిరత్నానికి మాత్రం అదే మంచిదని ఉంచి, కోత పని మానిపించాడు. ఒకరికి రాసింది ఇంకొకరికి రాయలేదు.

ఏప్రిల్లో గుంటూరులో సమీక్ష. మైకులు, ఏసీ, గోడమీద చుక్కల పటం. పై అధికారిణి రెబ్కా ఊళ్లో ఒక్కొక్కరికీ ఒక్కో మాత్ర రాసి ఉండటం చూసి తలెత్తింది. "మనిషికో పద్ధతి పెడితే ఇక పద్ధతెందుకమ్మా?"

రెబ్కా లేచింది. నోటుబుక్కు తీసింది.

"పద్ధతి ఉండాలి మేడం. మా ఊళ్లో అది ప్రాణాలు నిలబెట్టింది. మోతాదు పెంచేముందు మనిషిని ఒక్క మాట అడగాలని కూడా అందులో ఉండాలి. మా ఊళ్లో ఒక పెద్దావిడకి నూట డెబ్బై ఉండేది. అడిగి మాత్ర మార్చాక నూట ముప్ఫై రెండు. ఒక్కరిదే అంటారేమో, మిగతావాళ్లవీ రాసుకొచ్చాను. నేను చెప్పానని నమ్మొద్దు, చదివి చూడండి."

అధికారిణి చదివింది, నిమిషాల తరబడి. చివరికి, మిరప పండే మూడు మండలాల్లో వచ్చే సీజను అలా అడిగి చూద్దామంది. మూడు మండలాలే. రెబ్కాకి అవి చిన్నవిగా అనిపించలేదు.

మర్నాడు మస్తాన్‌బీ ఇంటి అరుగు మీదే నిలదీసింది. "నా ఒంటేలు సంగతి గుంటూరు మీటింగులో చెప్పొచ్చావంటగా! సిగ్గు లేదటే నీకు?"

"నీ పేరు చెప్పలేదు పిన్నీ."

"ఎందుకు చెప్పలా? పిలిస్తే నేనే వచ్చి నాలుగు మాటలు గట్టిగా చెప్పేదాన్ని."

"జూన్‌లో మళ్లీ ఉంది. వస్తావా మరి?"

మస్తాన్‌బీ ఒంటి మీది చీరకేసి చూసుకుంది. "ఏం చీర కట్టుకోమంటావ్?" అంది.